గురి కుదిరిన తుపాకీ

ఇనుము మాట తప్ప మనిషి మాట నమ్మని కేశవాచారి అనే లేత్ మిషన్ పనివాడు పాలకొండల కింద ఒక చిన్న పట్నంలో ఉండేవాడు.

ఆయన అట్లా తయారవడానికి కారణం లేకపోలేదు. ఆయన షాపుకు వచ్చే ప్రతివాడూ విరిగిన సామాను బల్ల మీద పెట్టి ఒకటే మాట అనేవాడు. "దానంతట అదే ఇరిగింది ఆచారీ!" మోటారు ఇరుసు తెచ్చిన రైతూ అదే అనేవాడు, పళ్లు రాలిన గేరు చక్రం తెచ్చిన లారీ డ్రైవరూ అదే అనేవాడు. ఆచారి ఆ ముక్కను వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసేవాడు. సుత్తి దెబ్బ ఎక్కడ పడిందో, నూనె వేయక ఎక్కడ అరిగిందో ఆ ఇనుమే చెప్పేసేది. "మనిషి అబద్ధం చెప్తాడు. ఇనుము చెప్పదు," అని ఆయన నవ్వేవాడు. షాపులో ఆ మాట బాగానే చెల్లింది. చిక్కంతా ఆయన దాన్ని ఇంటికి కూడా మోసుకుపోవడంలో వచ్చింది.

భార్య గోవిందమ్మ తలనొప్పి అంటే, "పొద్దున లేని నొప్పి ఇప్పుడు యాడినుంచి వచ్చింది?" అనేవాడు. ఒక్కగానొక్క కూతురు ఈశ్వరి చిన్నప్పుడు కడుపునొప్పి అంటే, బడి ఎగ్గొట్టడానికే అనేవాడు. ఒకటి రెండుసార్లు అది నిజం కూడా. పిల్లలన్నాక ఆ మాత్రం వేషాలు వేయరా? కానీ ఆచారి ఆ ఒకటి రెండుసార్లను జన్మలో మరిచిపోలేదు. తన అనుమానం నెగ్గిన రోజులను మనిషి భద్రంగా దాచుకుంటాడు, ఓడిన రోజులను చెత్తబుట్టలో వేస్తాడు.

ఈశ్వరి పెరిగి డిగ్రీ చదువుకు వచ్చింది. సోడాసీసా అడుగంత మందం కళ్లద్దాలు పెట్టుకునేది. అయినా ఆ పిల్లకు ఎక్కడా లేని నిలకడ ఉండేది. కొండ కింద రైఫిల్ క్లబ్బు నడిపే ఖాజా మొహిద్దీన్ అది కనిపెట్టాడు. ఆయన పటాలంలో హవల్దారుగా చేసి వచ్చినవాడు. ఆ క్లబ్బులో పాయింట్ టూ టూ రైఫిల్ ఒకటి ఉండేది. అది సన్నటి గుండు వేసే తుపాకీ, వేటకు కాదు, పోటీలకే పనికొస్తుంది. మందపాటి తోలుకోటు తొడుక్కుని బోర్లా పడుకోవాలి. ఎడమకంటికి అట్టముక్క అడ్డం పెట్టుకోవాలి. కుడికంటితో చూసి, దూరాన తెల్లటి అట్ట మీద ఉన్న నల్లచుక్కను కొట్టాలి. ఊపిరి బిగబట్టి ఈశ్వరి కొట్టేది చూస్తే, "ఈ బేటీ గురి దేవుడిచ్చినాడు," అని ఖాజా సాబు మురిసిపోయేవాడు. రాష్ట్ర పోటీల్లో పతకం వస్తే ఆటల కోటాలో రైల్వే ఉద్యోగం వస్తుందని కూడా ఆయనే చెప్పాడు. ఈశ్వరి ఆ ఆశను గుండెలో పెట్టుకుంది.

ఆ తుపాకీ పాతది. మొదట్లో దాని గుండ్లు అట్టంతా చెల్లాచెదురుగా పడేవి. తుపాకులు బాగుచేసే అనుమతి ఆచారి తండ్రి కాలం నుంచే ఆ ఇంట్లో ఉండేది. అందుకని ఖాజా సాబు తుపాకీ తెచ్చి ఆయన చేతిలోనే పెట్టాడు.

ఆచారి పనితనానికి వంక పెట్టేవాడు ఆ జిల్లాలో లేడు. కింద ఉన్న కొయ్య వానలకు ఉబ్బి గొట్టాన్ని ఒకపక్క నొక్కుతోందని కనిపెట్టి, దాన్ని సన్నగా గీకాడు. గొట్టం మూతి దగ్గర గోటితో తడిమితే తప్ప తెలియని చిన్న గంటు ఉంటే, లేత్ మీద పెట్టి చదును చేశాడు. తరువాత తుపాకీని బల్లకు వైసుతో కదలకుండా బిగించి పేలిస్తే, గుండ్లన్నీ రూపాయి బిళ్లంత చోటులో పడ్డాయి. ఖాజా సాబు ఆచారిని కౌగిలించుకున్నాడు. "నాయనా, ఇప్పుడు నేను అనుకున్న చోటికే పోతాండాది!" అని ఈశ్వరి ఎగిరి గంతేసింది. ఆ రోజు ఆచారి మెడ కొంచెం నిక్కింది. నిక్కడంలో తప్పు లేదు. దిగకపోవడంలోనే ఉంది తప్పు.

రాష్ట్ర పోటీలు దగ్గరపడ్డాయి. అప్పుడు ఈశ్వరి గుండ్లు మళ్లీ చెదరడం మొదలుపెట్టాయి.

ఒకనాడు సాధన ముగించుకుని ఇంటికి వచ్చి, గడపలోనే కూర్చుని ఆ పిల్ల అంది. "నాయనా, నాకు చుక్కలు కనబడతాండాయి."

ఆచారి పడీ పడీ నవ్వాడు. "కనబడకుంటే ఎట్లమ్మా? ఆ తోలుకోటు తొడుక్కోని ఎండలో పండుకుంటే పట్టపగలే చుక్కలు కనబడతాయి. పతకమంటే ఊరికే వస్తాదా?"

"అట్ల కాదు నాయనా. నిజంగానే. నల్లవి. ఈగల మాదిరి తిరుగుతాండాయి."

"నిజంగానే కనబడతాయిలే. నేను లేత్ నేర్చుకునేటప్పుడు మా నాయన నాకు నక్షత్రమండలమే చూపించినాడు!"

గోవిందమ్మ కూడా నవ్వింది. చూశారా, ఎంత పాడు మాటో! కష్టం తట్టుకోలేనివాడూ చుక్కలు కనబడుతున్నాయనే అంటాడు, కళ్లు పాడవుతున్నవాడూ చుక్కలు కనబడుతున్నాయనే అంటాడు. ఏది ఏదో తెలుసుకోవాలంటే చెప్పేవాళ్ల మొహం వైపు ఒకసారి చూడాలి. ఆచారి మొహం వైపు చూడలేదు. తుపాకీ వైపు చూశాడు. బరువు ఎక్కువై పిల్ల అలిసిపోతోందని తేల్చుకుని, కొయ్యను చిత్రికపట్టి తేలిక చేశాడు. వైసులో బిగించి పేలిస్తే గుండ్లు ఇంకా దగ్గర దగ్గరగా పడ్డాయి. తన లెక్కే సరైనదని ఆయనకు రుజువు దొరికింది.

ఇంకొన్నాళ్లకు ఈశ్వరి మళ్లీ చెప్పింది. "నాయనా, కుడిపక్క ఉండుండీ మెరుపు మెరుస్తాండాది. కన్ను మూసుకున్నా మెరుస్తాండాది."

"సైటు మీద ఎండ పడి తళుక్కుమంటాంది," అన్నాడు ఆచారి. "ఆ మాత్రం నాకు తెల్దా?"

"కన్ను మూసుకున్నా గూడా..."

"మూసుకోని తుపాకీ ఎవురు కాలుస్తారమ్మా?"

గోవిందమ్మ కాటుక కోసం ఆముదం దీపం మీద పట్టిన మసి ఇంట్లో ఉండేది. ఆచారి ఆ మసి తీసుకుని, గురి చూసే సైటుకు మెరుపన్నది లేకుండా నల్లగా పట్టించాడు. కూతురి కంటికి పెట్టాల్సిన కాటుక తుపాకీ కంటికి పెట్టాడు. నిజం చెప్పాలంటే తుపాకీ అందంగానే తయారైంది.

మరి కొద్ది రోజులకు ఈశ్వరి అన్నం తింటూ తింటూ చెయ్యి ఆపింది. ఎడమకన్ను అరచేత్తో మూసుకుని గోడ వైపు చూసింది. "అమ్మా, ముక్కు పక్కనుంచి నల్లగా తెర లేస్తాండాది. కంచం సగమే కనబడతాండాది."

గోవిందమ్మకు ఈసారి నవ్వు రాలేదు. "ఏమయ్యా, బిడ్డను కడపకు తీసకపోయి కంటి డాక్టరుకు చూపిద్దాం," అంది.

"మొన్ననే గదా అద్దాలు మార్పించినాం? పోటీలు కానీ, సూద్దాం. ఇంతవరకూ అద్దాలతో బాగానే చూసిన బిడ్డకు పోటీలు దగ్గరికొచ్చేతలికి జబ్బు పుట్టుకొచ్చిందా? భయపడతాంది. అంతే." తరువాత కూతురి వైపు తిరిగి మెత్తగానే అన్నాడు. "సైటు బెజ్జం సన్నమైనట్టుందమ్మా. అందుకే సగమే కనబడతాంది. పెద్దది చేస్తా."

"కంచానికి సైటు లేదు గదా నాయనా," అంది ఈశ్వరి.

ఇంత సూటి మాటకు ఇంకొకరైతే ఉలిక్కిపడేవారు. ఆచారి ఎదురు మాట్లాడొద్దన్నాడు. ఆ మధ్యాహ్నమే సైటు బెజ్జం పెద్దది చేశాడు. ఆ మనిషికి కూతురంటే ప్రేమ లేక కాదు. ఉంది. తిండి మాని, నడుము పడిపోయేదాకా ఆ తుపాకీ మీద వంగి కూర్చున్నది ప్రేమతోనే. కానీ ఆయన ప్రేమ కూడా ఇనుములో నుంచే నడిచేది. పిల్ల తన ఒంట్లో ఏముందో చెప్పిన ప్రతిసారీ, ఆయన తుపాకీలో ఏముందో వెతికాడు.

పోటీలకు పోయే ముందు క్లబ్బులో చివరి పరీక్ష పెట్టారు. తుపాకీని వైసులో బిగించి ఖాజా సాబు పేల్చాడు. ఒకదాని మీద ఒకటి పడి గుండ్లన్నీ కలిసి ఒకటే బెజ్జం చేశాయి. తరువాత అదే తుపాకీతో ఈశ్వరి కాల్చింది. అట్ట మీద గుండ్లు చల్లినట్టు పడ్డాయి. ఖాజా సాబు రెండు అట్టలూ పక్కపక్కన పట్టుకుని చాలాసేపు చూశాడు.

"అరే ఆచారీ, తుపాకీలో తప్పు లేదు. మరి తప్పు యాడుండాది?"

"బద్ధకంలో ఉండాది," అన్నాడు ఆచారి. "ఇనుము అబద్ధం చెప్పదు సాబూ. దానిపని అది చేస్తాంది. ఈ పిల్లే మనసు పెట్టడం ల్యా."

ఈశ్వరి ఖాజా సాబు వైపు చూసింది. ఆయన నోరు తెరిచాడు. తండ్రీ కూతుళ్ల మధ్య మనమెందుకనుకుని మళ్లీ మూసుకున్నాడు. పెద్దమనిషి తరహా అని దాన్ని అంటారు. ఆ తరహా వల్ల ఎవరికి మేలు జరిగిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ రోజు నుంచి ఈశ్వరి చెప్పడం మానేసింది. చెప్పడం మానేసిన పిల్లను చూసి ఆచారి, "సూడు, సర్దుకుంది," అని భార్యతో అన్నాడు.

రాష్ట్ర పోటీల రోజు వచ్చింది. వరసగా పడుకున్న ఆటగాళ్లలో ఈశ్వరి నడిమిన ఉంది. కొంచెం వెనక, తాడు అవతల, గోవిందమ్మతో పాటు ఆచారి నిలబడ్డాడు. ఆయన చొక్కా జేబులో ఎప్పటిలాగే సన్నటి స్క్రూడ్రైవర్ ఉంది. ఈశ్వరి ఎడమకంటికి అట్టముక్క అడ్డం పెట్టుకుంది. నల్లటి తెర అప్పటికి నడికంటి దాకా వచ్చేసింది. సైటులో ఆ పిల్లకు చుక్క లేదు, అట్ట లేదు. అంచున మసక వెలుతురు మాత్రం ఉంది. లేచి రావచ్చు. కానీ వెనక తండ్రి ఉన్నాడు. ఒళ్లు గుర్తుపెట్టుకున్న దిక్కుకు తుపాకీ ఎత్తి, ఈశ్వరి పేల్చింది.

గుండ్లు పోయి పోయి పక్క ఆటగత్తె అట్ట మీద పడ్డాయి. ఆ ఆటలో అంతకంటే నామర్దా లేదు. మైకులో ఈశ్వరి పేరు పిలిచి ఆట ఆపమన్నారు. జనంలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆచారి తాడు దాటి వచ్చేశాడు.

"కండ్లు యాడ పెట్టుకున్నావే? నెత్తిన పెట్టుకున్నావా?" అని అందరి ముందూ అరిచాడు. "ఇంత తుపాకీ చేసిచ్చినా గదా! ఇంతకంటే గురి పెట్టే తుపాకీ ఈ మైదానంలో ఉండాదా?"

ఈశ్వరి లేచి కూర్చుంది. అద్దాలు తీసి ఒళ్లో పెట్టుకుంది. "తుపాకీ బాగుండాది నాయనా," అంది నెమ్మదిగా. "కుడికంటికే ఏమీ కనబడల్యా."

"మళ్లీ అదే మాట!"

అని, ఆచారి ఏం చేశాడో తెలుసా? పరీక్ష చేశాడు. మనిషి మాట నమ్మేవాడు కాదు గదా! ఎడమచేత్తో కూతురి ఎడమకన్ను మూశాడు. కుడిచేత్తో జేబులోని స్క్రూడ్రైవర్ తీసి, దాని మొన ఆమె కుడికంటి ముందుకు తెచ్చాడు. ఇంకా దగ్గరికి తెచ్చాడు. రెప్పకు తగిలేంత దగ్గరికి తెచ్చాడు.

రెప్ప కదలలేదు.

"ఏం చేస్తాండావు నాయనా?" అని అడిగింది ఈశ్వరి. ఎదురుగా మొన ఉందని ఆ పిల్లకు తెలియదు.

ఆచారి చేతిలో స్క్రూడ్రైవర్ జారి కింద పడింది. అంత పెద్ద మనిషి నేల మీద చతికిలబడి ఏడ్చాడు. ఇంట్లో మనిషి ఇన్నాళ్లూ చెప్పిన నిజాన్ని చివరికి ఇనుము చెబితేనే ఆయన నమ్మాడు.

అటునుంచి అటే ఆసుపత్రికి పరిగెత్తారు. డాక్టరమ్మ కంట్లో మందు వేసి, లోపలికి దీపం పట్టి చూసింది. కంటి లోపలి పొర ఊడిపోయిందని చెప్పింది. మందం అద్దాలు పెట్టుకునేవాళ్లకు అది కొంచెం ఎక్కువగా వస్తుందట.

"ముందుగా ఏమీ తెలియలేదా? నల్లచుక్కలు, మెరుపులు, ఏమీ కనబడలేదా?" అని అడిగింది.

గోవిందమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

"కనబడినాయి," అన్నాడు ఆచారి. "చెప్పింది."

"చుక్కలు, మెరుపులు మొదలైనప్పుడే వచ్చి ఉంటే, చాలావరకు లోపలి చిరుగును అప్పుడే అతికించేవాళ్లం. చిన్న పని. ఇంటికి నడుచుకుంటూ పోయేది." డాక్టరమ్మ కోప్పడలేదు. కోప్పడి ఉంటే ఆచారికి కొంచెం ఊరటగా ఉండేది.

ఆపరేషన్ చేశారు. ఫలితం దక్కలేదు. కుడికంటికి వెలుతురు, చీకటి తేడా మాత్రం తెలిసింది. ఈశ్వరి గురి పోయింది, దానితో పాటే పతకం ఆశ, ఉద్యోగం ఆశ పోయాయి. ఎడమకంటితో నేర్చుకోవచ్చని ఖాజా సాబు ఇంటికి వచ్చి చెప్పాడు. ఈశ్వరి టీ ఇచ్చి, "వద్దు సాబూ," అంది. ఆ ఉన్న కన్ను జాగ్రత్తగా చూసుకోవాలి గదా అంది.

తుపాకీ మాత్రం ఏ లోపమూ లేకుండా ఉంది. మరుసటి ఏడు అదే తుపాకీతో వేరే ఊరి పిల్ల ఒకతె రాష్ట్ర పోటీల్లో మొదటి పతకం తెచ్చింది. క్లబ్బువాళ్లు సభ పెట్టారు. పాత తుపాకీకి ఇంత గురి కుదిర్చిన ఆచారికి శాలువా కప్పారు. జనం చప్పట్లు కొట్టారు. ఆయన తల వంచుకుని కూర్చున్నాడు. వినయం అనుకున్నారు అందరూ.

మొదటి వరసలో ఈశ్వరి కూర్చుని ఉంది. కుడిపక్కన కూర్చున్న ఒక పెద్దామె ఆ పిల్ల తనను చూడటానికి మెడ మొత్తం తిప్పడం గమనించింది. "అయ్యో, ఆ కంటికేమైందమ్మా?" అని అడిగింది. వేదిక దగ్గరే కనుక ఆ మాట ఆచారికి వినబడింది. ఆయన తలెత్తి చూశాడు. చెప్పమ్మా, మా నాయన నమ్మలేదని చెప్పు, నలుగురిలో నా పరువు తీయి అన్నట్టు చూశాడు.

ఈశ్వరి తండ్రి ఉన్న వైపుకు తిరగలేదు.

"ఏమీ ల్యా అవ్వా," అంది. "దానంతట అదే పోయింది."

బతుకంతా వినీ వినీ ఆచారి ఎగతాళి చేసిన మాట అది. దెబ్బ కొట్టినవాళ్లు తమ తప్పు దాచుకోవడానికి చెప్పే మాట. ఈసారి దెబ్బ తిన్న పిల్ల కొట్టినవాడి తప్పు దాచడానికి చెప్పింది. ఆ అబద్ధాన్ని పట్టుకునే ఇనుము ఆయన దగ్గర లేదు. ఉన్నా, పట్టుకుని ఏం చేస్తాడు? శాలువా భుజం మీదినుంచి జారిపోతున్నా ఆయన సర్దుకోలేదు.

ఇప్పటికీ పొద్దున్నే ఆచారి కూతురిని అడుగుతాడు. "ఎట్లుండాదమ్మా కన్ను? ఆ ఎడమకంటికేమన్నా అనిపిస్తాండాదా? చెప్పమ్మా, నమ్ముతా."

"బాగుండాది నాయనా," అంటుంది ఈశ్వరి. ఎప్పుడడిగినా అంతే అంటుంది. అది నిజమో కాదో తెలుసుకునే దారి ఆయనకు లేదు.

మన తెలుగులో గురి అంటే లక్ష్యమూ అవును, నమ్మకమూ అవును. ఆచారి తుపాకీకి మొదటిది కుదిర్చాడు, బిడ్డ మాట మీద రెండోది కుదుర్చుకోలేకపోయాడు. కనుక ఇంట్లోవాళ్లు బాధ చెప్పుకున్నప్పుడు ముందు నమ్మాలి, పరీక్షలు ఆ తరువాత చేసుకోవచ్చు. రుజువు దొరికేదాకా నమ్మనివాడికి రుజువు దొరుకుతుంది గానీ, పోయింది తిరిగి దొరకదు.